గవర్నర్‌పేటలో మానిటర్ ఫ్యాన్ సౌండ్ తగ్గిస్తామంటే జాగ్రత్త

గేమింగ్ మానిటర్ ఫ్యాన్ సౌండ్ తగ్గిస్తామని చెప్పే ఆ మేడ మీద షాపుని విజయవాడ గేమర్లకి నేను కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు, మనలో సగం మంది పీసీ క్యాబినెట్లు అక్కడే కట్టించుకున్నారు. పేరు రాస్తే రేపు నా మీదే కేసు పెడతాడు కాబట్టి రాయడం లేదు. మానిటర్ మాత్రం అక్కడ ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే విప్పుతున్నంతసేపూ పక్కనే నిలబడండి.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 27 అంగుళాల 4కె, 144 హెర్ట్జ్, జీ-సింక్ అల్టిమేట్ మానిటర్. మానిటర్‌కి ఫ్యానేంటి అని నవ్వేవాళ్ళ కోసం ఒక్క ముక్క. ఈ జీ-సింక్ రకంలో గ్రాఫిక్స్ కార్డు వేగానికీ తెర వేగానికీ జత కుదిర్చే ఎన్విడియా బోర్డు, అంటే మాడ్యూల్, ఉంటుంది. 2018లో వచ్చిన ఏసుస్ పీజీ27యూక్యూని విప్పి చూసినవాళ్ళకి అందులో ఇంటెల్ అరియా 10 ఎఫ్‌పీజీఏ చిప్పు (ఏ పనికి కావాలంటే ఆ పనికి మలుచుకునే రకం), 3 జీబీ మెమరీ కనిపించాయి. మామూలు మానిటర్లో బొమ్మని తెరకి సరిపెట్టే స్కేలర్ చిప్పు అంత వేడి పుట్టించదు, ఇది పుట్టిస్తుంది. దానికి తోడు వెనక 384 జోన్లుగా విడివిడిగా వెలిగే బ్యాక్‌లైట్, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా చూపించే మోడ్) పెడితే 1000 నిట్స్ దాకా కళ్ళు చెదిరే వెలుగు. అందుకని ఫ్యాన్ పెట్టారు, షోకు కోసం కాదు. చిన్న ఫ్యాను కాబట్టి గాలి తొయ్యాలంటే గిర్రున తిరగాలి, దుమ్ము పట్టి బేరింగ్ అరిగితే కీచుమంటుంది. నాది ఎంత కీచుమనేదంటే, రాత్రిపూట పక్క గదిలోంచి అమ్మ "ఆ మిషను ఆపరా" అని అరిచేది.

సరే, తీసుకెళ్ళాను. కౌంటర్ మీద పెట్టగానే ఓనర్ చెవి ఆనించి విని, "బేరింగ్ పోయింది తమ్ముడూ, మంచి ఫ్యాన్ వేసేద్దాం, అసలు ఉందో లేదో కూడా తెలీదు" అన్నాడు. ఆ మాటలో ఎంత నిజాయితీ ఉందో అప్పుడు నాకు అర్థం కాలేదు. అద్దాల బీరువాలోంచి చిన్న పెట్టె తీసి చూపించాడు, గేమర్లందరూ గుర్తుపట్టే నాక్టువా కంపెనీ గోధుమ రంగు 40 ఎంఎం ఫ్యాను. ఇదే వేస్తానన్నాడు. ఫ్యానుకీ మజూరీకీ కలిపి 2,600 తీసుకున్నాడు. బిల్లు మీద "మానిటర్ సర్వీస్" అని మాత్రం రాసిచ్చాడు, ఫ్యాన్ అన్న మాటే లేదు. అప్పుడే ఆపి రాయించాల్సింది, మనకెక్కడ, సైలెంట్ మానిటర్ వస్తోందన్న సంబరం.

నిజంగానే సైలెంట్‌గా వచ్చింది. నేను మా ఫ్రెండ్స్ అందరికీ చెప్పాను కూడా, ఇద్దరిని పంపించాను. సారీ రా.

ఎండలు ముదిరాక మొదలైంది. హెచ్‌డీఆర్ గేమ్ కాసేపు ఆడితే స్క్రీన్ ఒక్కసారి నల్లబడి మళ్ళీ వచ్చేది. కేబుల్ అనుకుని మార్చాను, గ్రాఫిక్స్ కార్డు అనుకుని డ్రైవర్లు మార్చాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, చిప్పు ఏపాటి? ఒక మధ్యాహ్నం నల్లబడింది, ఇక రాలేదు. పవర్ లైట్ వెలుగుతుంది, బొమ్మ రాదు.

ఈసారి గుంటూరు అరండల్‌పేటలో బోర్డులు రిపేరు చేసే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. వెనక మూత తీశాడు. లోపల కొత్త ఫ్యాన్ లేదు. పాత ఫ్యాన్ అలాగే ఉంది, దుమ్ముతో సహా. దాని వైరు బోర్డు నుంచి పీకేసి, పిన్ను చివరికి నల్ల టేపు చుట్టి, పక్కకి మడిచి పెట్టారు. అంతే. సౌండ్ తగ్గించడం అంటే అది. పెద్దాయన నా మొహం చూసి, "బాబూ, దీన్ని మీరే పీకారా?" అని అడిగాడు. ఏం చెప్పమంటారు ఆయనకి. మాడ్యూల్ బోర్డు పోయిందని, విడిగా దొరకదని, మార్కెట్లో దొరికే యూనివర్సల్ బోర్డు దీనికి పనికిరాదని చెప్పి, చూసినందుకు డబ్బులు కూడా తీసుకోలేదు.

నేరుగా విజయవాడ వెళ్ళి ఆ షాపు మెట్లెక్కాను. బీరువాలో అదే పెట్టె ఉంది, గోధుమ రంగు ఫ్యానుతో, అదే అట్ట మూల నలిగి. నాకు చూపించింది అదే. ఎంతమందికి చూపించాడో మరి. టేపు చుట్టిన వైరు ఫోటో ఫోన్లో చూపిస్తే ఓనర్ కంగారైనా పడలేదు.

"సౌండ్ పోవాలన్నావు తమ్ముడూ. పోయిందా, లేదా?"

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. ఫ్యాన్‌కి డబ్బులు తీసుకున్నారు కదండీ అంటే, పాత మానిటర్ ఎప్పటికైనా పోయేదేనట, ఏసీ లేని గదిలో ఇలాంటివి ఎవరు వాడమన్నారట. పనిచేసే కుర్రాడు పాపం నోరు జారాడు, "ఆ పిన్ను దీనికి సెట్ కాలేదన్నా" అని. ఓనర్ వాడి వైపు చూసిన చూపుకి వాడు లోపలికి వెళ్ళిపోయాడు. అదీ సంగతి. ఈ మానిటర్లలో ఫ్యాన్ కనెక్టర్ సీపీయూ ఫ్యాన్ పిన్ను కంటే చిన్నది, వైర్లు కోసి అతకాలి. ఆ పని చెయ్యడానికి బద్ధకించి నా మానిటర్ని చంపాడు. "సెట్ కాలేదు, తీసుకుపో" అని ఒక్క ఫోన్ చేసి ఉంటే కీచుమనే మానిటర్తో హాయిగా ఉండేవాణ్ణి. పైగా బయటికి వస్తుంటే, "కొత్త మానిటర్ కావాలంటే మన దగ్గర తీసుకో, రేటు చూసి ఇస్తా" అన్నాడు. మన దగ్గరట.

1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చాను. బిల్లులో ఫ్యాన్ అని లేదు కాబట్టి ఎంతవరకు వెళ్తుందో చూడాలి.

మీ మానిటర్ కూడా కీచుమంటుంటే ముందు విప్పకుండా అయ్యేవి చూసుకోండి. డెస్క్‌టాప్‌లో హెచ్‌డీఆర్ ఆపి, బ్రైట్‌నెస్ తగ్గించి, గోడకి దూరంగా జరిపి, వెనక జాలీలో దుమ్ము ఊదించండి. కొన్నిట్లో స్టాండ్‌బైలో కూడా ఫ్యాన్ తిరుగుతుంది, అలాంటిదైతే పని అయ్యాక స్విచ్ దగ్గరే ఆపెయ్యండి. ఫ్యాన్ మార్చాల్సి వస్తే పాత ఫ్యాన్ లేబుల్ మీద సైజు, వోల్టేజ్ చూడండి. నాక్టువాలో 40 ఎంఎం ఫ్యాను 5 వోల్టులదీ 12 వోల్టులదీ రెండూ ఉన్నాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పాత ఫ్యాన్ చేతికి ఇవ్వమని అడగండి. మార్చాక వెనక జాలీ దగ్గర చెయ్యి పెట్టి గాలి వస్తోందో లేదో చూడండి. అసలు చప్పుడే లేదంటే సంతోషపడకండి, అనుమానపడండి.

ఇదే రకం మానిటర్ ప్యానెల్ పగిలిపోయి మూలన పడేసినవాళ్ళు గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి, బోర్డు కోసం కొంటాను. విప్పడం మాత్రం నా కళ్ళ ముందే.