నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్: ఒక్క టిక్కు కోసం ఇన్నేళ్లుగా వదల్లేదు

బెంగళూరు ఆఫీసుల్లో మన చేతికొచ్చే ఫైళ్ల సంగతి తెలిసిందే. ఒకే యాప్‌కి తెలుగు, కన్నడ, తమిళ స్ట్రింగ్స్, అంటే తెర మీద కనిపించే మాటలు. రాసేది విండోస్ ల్యాప్‌టాప్ మీద, నడిచేది లైనక్స్ సర్వర్ మీద. విండోస్‌లో టెక్స్ట్ ఫైళ్లు దిద్దే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లోని ట్యాబులు, రంగులు, ప్లగిన్ల గురించి కొత్తగా చెప్పడానికేం లేదు. ఈ ఎడిటర్ నాకు ఇంత నచ్చడానికి కారణం ఒక చిన్న టిక్కు.

సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్, న్యూ డాక్యుమెంట్. అక్కడ ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) కింద అన్ని భాషలూ పట్టే యూటీఎఫ్-8 ఎంచుకోండి, బామ్ (ఫైలు మొదట్లో పడే కనిపించని గుర్తు) లేనిది. దాని కిందే ‘అప్లై టు ఓపెన్డ్ యాన్సీ ఫైల్స్’ ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. యాన్సీ అంటే తెలుగు పట్టని పాత విండోస్ ఎన్‌కోడింగ్. ఉత్త ఇంగ్లిషు అక్షరాలున్న ఫైలును యాన్సీ అన్నా యూటీఎఫ్-8 అన్నా బైట్లు ఒకటే. తేడా బయటపడేది అందులో మొదటి తెలుగు మాట పేస్ట్ చేసినప్పుడు. యాన్సీగా తెరుచుకుని ఉంటే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. అలాగే సేవ్ చేసి మూసేస్తే ఆ ఫైల్లోంచి తెలుగును మళ్లీ రాబట్టలేం. టిక్ ఉంటే ఆ ఫైలు తెరిచినప్పుడే యూటీఎఫ్-8. పాతవి పాడవుతాయన్న భయం అక్కర్లేదు, 127 దాటిన బైట్లున్న అసలైన యాన్సీ ఫైళ్ల జోలికి ఇది పోదు.

ప్రశ్నార్థకాలు కాకుండా, తల మీద వాలుగీత ఉన్న చిన్న ‘ఏ’ వరసగా కనిపిస్తే మాత్రం కంగారు పడొద్దు. డేటా భద్రంగానే ఉంది, ఎడిటర్ చదవడమే తప్పుగా చదువుతోంది. ఆ ‘ఏ’ పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో ఉంటే తెలుగు, పైకెక్కిన చిన్న 2 గానీ 3 గానీ ఉంటే కన్నడ, వలయంలో ‘ఆర్’ ఉంటే తమిళం. మూడింటికీ మొదటి బైటు ఒకటే, రెండోదే మారుతుంది. మూడు భాషల ఫైళ్లు కలిసిపోయినప్పుడు ఇది తెలిసుంటే చాలా పని తప్పుతుంది. ఇలాంటప్పుడు ఎన్‌కోడింగ్ మెనూలో పైనున్న యూటీఎఫ్-8 నొక్కాలి. కిందున్న ‘కన్వర్ట్ టు యూటీఎఫ్-8’ నొక్కి సేవ్ చేశారంటే ఆ పిచ్చిగీతలే ఫైల్లో స్థిరపడతాయి.

లైన్ ఎండింగ్ (ప్రతి లైను చివరా ఉండే కనిపించని గుర్తు) దగ్గరికొచ్చేసరికి ఇన్ని మెచ్చుకోళ్లు నావల్ల కాదు. అదే న్యూ డాక్యుమెంట్ పేజీలో లైనక్స్‌కి కావలసిన యూనిక్స్ ఎల్ఎఫ్ అని పెట్టుకోవచ్చు, కానీ అది కొత్త ఫైళ్లకే. తెరిచిన ఫైలుకి మొదటి లైను చివర ఏముందో చూసి స్టేటస్ బార్‌లో ‘యూనిక్స్’ అని రాసేస్తుంది. మధ్యలో ఎవరో విండోస్‌లోంచి అతికించిన పది లైన్లకు విండోస్ వాడే సీఆర్ ఎల్ఎఫ్ (ఎల్ఎఫ్ ముందు సీఆర్ అనే మరో గుర్తు) ఉన్నా ఆ సంగతి చెప్పదు. అలాంటి షెల్ స్క్రిప్టు (వరసగా నడిచే ఆదేశాల ఫైలు) సర్వర్ మీద మొదలవుతుంది కూడా, ఎందుకంటే మొదటి లైను శుభ్రంగానే ఉంది. సగంలో ఫోల్డర్ మార్చే ఒక ‘సీడీ’ దగ్గర ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటుంది. పాత్, అంటే ఫోల్డర్ చిరునామా, కళ్లెదుటే ఉంటుంది, దాని తోకకు కనిపించని సీఆర్ అంటుకుని ఉంటుంది. స్క్రిప్టు మొదటి నుంచీ నడవకపోతే కారణం వెంటనే దొరికేది. సగం పనిచేసి ఆగిపోవడం వల్ల అనుమానం పర్మిషన్ల మీదికీ, సర్వర్ మీదికీ పోతుంది.

వ్యూలో షో సింబల్, షో ఎండ్ ఆఫ్ లైన్ పెడితే దొంగ లైన్లు బయటపడతాయి. సరిచేద్దామని ఎడిట్‌లో ఈఓఎల్ కన్వర్షన్‌కి వెళ్తే ‘యూనిక్స్’ మసకబారి నొక్కనివ్వదు, ఫైలు ఇప్పటికే యూనిక్స్ అని దాని నమ్మకం మరి. ముందు విండోస్‌కి మార్చి, వెంటనే యూనిక్స్‌కి మార్చి సేవ్ చెయ్యాలి. ఇంత మంచి ఎడిటర్‌లో ఈ తిరుగుడు ఎందుకుండాలో నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

టీమంతా ఫైళ్ల మార్పులను నమోదు చేసే గిట్‌లో ఉంటే లైన్ ఎండింగ్ భారం దాని నియమాలు రాసే గిట్ఆట్రిబ్యూట్స్ ఫైలు మీద వెయ్యడమే మేలు, ఎడిటర్ ఏదైనా ఫరవాలేదు. నాలా మెయిల్లో, పెన్‌డ్రైవ్‌లో వచ్చే ఫైళ్లతో పనైతే ఆ టిక్కు పెట్టుకోండి. ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచే తెలుగు సీఎస్‌వీలను (కామాలతో విడదీసిన పట్టికల ఫైళ్లను) మాత్రం బామ్ ఉన్న యూటీఎఫ్-8లోనే సేవ్ చెయ్యండి. షెల్ స్క్రిప్టుకి మాత్రం ఆ బామ్ పెట్టొద్దు, మొదటి లైనే చెడుతుంది.