బాత్‌లో ట్రస్టు వాళ్ల ఇళ్లు, మెట్ల బస

లండన్ పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కితే గంటన్నరలో బాత్ చేరుకోవచ్చు. ఊరంతా ఒకటే తేనెరంగు రాయి. రోమన్ స్నానఘట్టాలు ఎలాగూ అందరూ చూస్తారు కాబట్టి వాటి గురించి రాయను. పొద్దున్నే వెళ్లండి, అంతే. మాకు బాగా నచ్చినవి బాత్ ప్రిజర్వేషన్ ట్రస్ట్ నడిపే మ్యూజియాలు.

ఊరి కట్టడాలను కాపాడుకోవడానికి 1934లో పుట్టిన సంఘం ఇది. 1960, 70ల్లో ఇక్కడ పెద్ద భవనాలను ముట్టుకోలేదు గానీ, చేతివృత్తులవాళ్లు ఉండిన 18వ శతాబ్దపు చిన్న ఇళ్లను వీధులకు వీధులే కూల్చేశారు. వాటి చోట లేచిన ఫ్లాట్లు లాన్స్‌డౌన్ వాలులో నేటికీ ఉన్నాయి. వాటినీ ఒకసారి చూడండి. ట్రస్టు ఎందుకంత పట్టుబడుతుందో అర్థమవుతుంది. ఎవరైనా కొత్తగా కడతామని దరఖాస్తు పెడితే, దాన్ని చదివి బాగోగులు చెప్పడం ఇప్పటికీ వీళ్ల పనుల్లో ఒకటి.

రాయల్ క్రెసెంట్ అంటే 1767–1774 మధ్య నెలవంకలా కట్టిన 30 ఇళ్ల వరుస. ఒకటో నంబరు ఇల్లే మ్యూజియం. 22వ నంబరు తలుపును 1970ల్లో యజమానురాలు పసుపురంగు వేయించి, నగరపాలక సంస్థతో పోరాడి నెగ్గింది. నాకైతే ఆవిడ పక్షమే!

బస విషయంలో మాత్రం జాగ్రత్త. అలాంటి పాత ఇంట్లోనే గది తీసుకున్నాం. లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, కిటికీ సందుల్లోంచి చలి. చట్టరక్షణ ఉన్న కట్టడంలో ఇష్టమొచ్చినట్టు మార్పులు చేయనివ్వరు, నిజమే. కానీ ఆ సంగతి మా అత్తగారి మోకాళ్లకు చెబితే వింటాయా? పెద్దవాళ్లతో వెళ్తే కింది అంతస్తు గది అడగండి, లేదా స్టేషన్ దగ్గర కొత్త హోటల్ చూసుకోండి.

అన్నిటికంటే నాకు నచ్చింది న్యూ కింగ్ స్ట్రీట్‌లోని హెర్షెల్ ఇల్లు. చిన్నదే. చర్చిలో ఆర్గన్ వాయించే విలియం హెర్షెల్, 1781 మార్చి 13న ఈ ఇంటి పెరట్లో తాను తయారు చేసుకున్న టెలిస్కోపుతోనే యురేనస్‌ను కనిపెట్టాడు. వెనక పనిగదిలో కాసేపు నిలబడండి. టెలిస్కోపు కోసం లోహపు అద్దం పోత పోస్తుంటే అచ్చు కారి, కరిగిన లోహం నేల మీద పడి బండలు పేలాయి. ఆ పగుళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కొత్త బండలు పరచకుండా వదిలేసిన వాళ్లకు దండం పెట్టాలి. గంటల తరబడి అద్దం నునుపు చేస్తున్న అన్న నోటికి ముద్ద అందించిన చెల్లెలు కరొలిన్, ఆ తర్వాత తానే తోకచుక్కలు కనిపెట్టింది. ఆమె కథకే నేను ఎక్కువసేపు ఆగాను.

బెక్‌ఫోర్డ్ టవర్ ఊరికి ఎగువన, లాన్స్‌డౌన్ గుట్ట మీద ఉంది. 154 మెట్లు. కట్టించినాయన సంపద జమైకాలో బానిసల చేత చేయించిన చెరకు సాగుది. 2024లో మరమ్మతుల తర్వాత తెరిచిన మ్యూజియం ఆ సంగతి దాచదు. అన్ని రోజులూ తెరవరు, ముందే కనుక్కోండి. కారులో వచ్చేవాళ్లకు గుట్ట పైనే పార్కింగ్ ఉంది, అక్కడి నుంచి బస్సులో ఊళ్లోకి దిగొచ్చు. సమయం చాలకపోతే టవర్ వదిలేయండి గానీ, హెర్షెల్ ఇంటిని మాత్రం వదలొద్దు.