కురిసుముడి కొండకి ఐదు స్టార్లు, తీసుకెళ్ళిన ప్యాకేజీకి రెండు

నవంబర్ ఆఖర్లో మలయాత్తూరు వెళ్ళొచ్చాం, అమ్మ, నేను, మావారు. రివ్యూ రాయమని ట్రావెల్స్ వాళ్ళే మెసేజ్ పెట్టారు కాబట్టి రాస్తున్నా, పేరు మాత్రం రాయట్లేదు, రేపు గుడి దగ్గర మొహమొహాలు చూసుకోవాల్సిన వాళ్ళం.

తెలియని వాళ్ళ కోసం ముందు ఊరి సంగతి. కేరళలో ఎర్నాకుళం జిల్లా, పెరియార్ నది ఒడ్డున ఉంటుంది. మల అంటే కొండ, ఆరు అంటే ఏరు, ఊరు అంటే ఊరే, మూడూ కలిపి మలయాత్తూరు. కొండ పేరు కురిసుముడి, కురిసు అంటే సిలువ. ఎత్తు 609 మీటర్లు. యేసు పన్నెండు మంది శిష్యుల్లో ఒకరైన పునీత తోమా గారు క్రీ.శ. 52లో కేరళ ఒడ్డున దిగారని, తర్వాత ఈ కొండెక్కి ప్రార్థన చేసుకున్నారని, ఆయన రాతి మీద సిలువ గుర్తు వేస్తే అక్కడ బంగారు సిలువ కనపడిందని అక్కడి వాళ్ళ నమ్మకం. చెన్నైలో పరంగిమలై చూసిన వాళ్ళు చాలామందే ఉంటారు, తోమా గారు వేదసాక్షిగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చి, చనిపోయారని చెప్పే కొండ, దానికి చక్కగా మెట్లున్నాయి. మన గుణదలకీ మెట్లున్నాయి. ఇది కూడా అలాగే ఉంటుందనుకుని అమ్మ కొత్త చెప్పులు కొనుక్కుంది, ఆ చెప్పులు సిలువ మార్గంలో మొదటి స్థలం దాటకముందే మావారి బ్యాగులోకి పోయాయి (యేసు సిలువ మోసిన ఘట్టాల్ని తలుచుకుంటూ ఆగి ప్రార్థన చేసే చోట్లని స్థలాలంటాం).

ప్యాకేజీ మనిషికి 6,500. రానుపోను ట్రైన్, బస్సు, ఒక రాత్రి రూము, భోజనాలు, "కొండపైన గైడుతో సిలువ మార్గం" అని పాంప్లెట్‌లో రాశారు. గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆలువాలో దిగాలి. నవంబర్ కదా, బోగీ నిండా అయ్యప్ప స్వాములే. ఎదురు బెర్తులో ఒక పెద్ద స్వామి అమ్మ దగ్గరున్న కర్రల కట్ట చూసి ఏంటమ్మా అది అన్నాడు. అమ్మ మొక్కుకున్న సిలువ అది, రెండు సరుగుడు కర్రలు, మధ్యలో పాత మంచం నవారుతో కట్టింది, ట్రైన్‌లో పట్టదని విప్పి కట్టలా చేసి తెచ్చుకుంది. కురిసుముడికండీ అంటే ఆయన నవ్వి "మాది ఇరుముడి, మీది కురిసుముడి" అన్నాడు. ఆ ట్రైన్ తిరుపతి మీదుగా పోద్ది, తిరుపతి దాకా ఇద్దరూ మోకాళ్ళ నెప్పుల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఇక ప్యాకేజీ వాళ్ళ ఘనకార్యం. రూములో దిగాక గ్రూపులో మెసేజ్ వచ్చింది, ఇంగ్లీష్ అక్షరాల్లో, "రేపు పొద్దున 5కి అడివారం, అందరూ రెడీగా ఉండాలి" అని. మేం దాన్ని ఆదివారం అని చదువుకున్నాం. రేపేమో శనివారం. ఏదో పొరపాటున కొట్టారు, ఎక్కేది ఆదివారమే అనుకుని సగం మంది హాయిగా పడుకున్నాం. ఐదింటికి డ్రైవర్ వచ్చి తలుపులు బాదుతుంటే తెలిసింది, మలయాళంలో అడివారం అంటే కొండ అడుగు అంట! అక్కడి వాళ్ళు పంపిన మెసేజ్‌ని వీళ్ళు ఒక్క ముక్క వివరం రాయకుండా ఫార్వర్డ్ చేసేశారు. గంట లేటు, టిఫిన్ లేదు, దానికి మళ్ళీ మా మీదే విసుక్కున్నారు.

సరే కొండ. ఎక్కువ జనం వచ్చేది తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాసాల్లో, ఆ తర్వాత ఈస్టర్ తర్వాతి మొదటి ఆదివారం పెద్ద పండగ. ఆ ఆదివారమే తోమా గారు తిరిగి లేచిన యేసు గురించి "గాయాల్లో వేలు పెట్టి చూస్తే గానీ నమ్మను" అన్న సువిశేషం చదువుతారు కదా, అందుకని ఆ రోజు. ఆ రోజుల్లో రాత్రంతా కూడా జనం ఎక్కుతూనే ఉంటారట. మేం వెళ్ళింది వానలు వెలిసిన నెల, మనుషులు పల్చగా ఉన్నారు, దారిలో చాలాచోట్ల రెండు పక్కల నుంచీ పొదలు లోపలికి వచ్చేసి ఉన్నాయి, పైనుంచి తీగలు మొహానికి తగులుతున్నాయి. చాలా వరకు రాళ్ళే. ఒకటి మోకాలెత్తు ఉంటే పక్కది అరచెయ్యంత, నున్నగా అరిగిపోయి, పైన నాచు తడి. కాలు పెట్టేముందు చేత్తో వేరో కొమ్మో పట్టుకోవాలి. ఒకచోట ఒక చెట్టు వేరు దారికి అడ్డంగా ఉంది, ఎంతమంది పట్టుకుని ఎక్కారో ఏమో, రోకలిబండలా నున్నగా మెరుస్తోంది, నా ముందు అమ్మ దాన్ని పట్టుకుని, కాసేపు వదల్లేదు. ఏమైందే అంటే "ఉండవే, ఊపిరి తీసుకోనీ, మంగళవార్త జపం సగంలో ఉంది" అంది.

దారి పొడుగునా పద్నాలుగు స్థలాలు ఉన్నాయి. అసలు ఈ కొండ గొప్పతనం అదే అనిపించింది నాకు. ఊళ్ళో గుడిలో సిలువ మార్గం అంటే గోడ మీద బొమ్మ దగ్గర మోకరించి లేచి ఇంకో బొమ్మ దగ్గరికి జరగడం, అరగంటలో అయిపోద్ది. ఇక్కడ ఒక స్థలానికీ ఇంకో స్థలానికీ మధ్య నిజంగా ఆయాసం ఉంటుంది. మా గైడు బ్రదర్‌కి మాత్రం అదేం పట్టలేదు, మెడలో బ్లూటూత్ స్పీకర్ వేసుకుని పాటలు పెట్టి, ప్రతి స్థలం దగ్గర పేపర్ చూసి గబగబా చదివేసి "పదండి పదండి, పదింటికి కిందకి రావాలి, మళ్ళీ కాలడి ప్రోగ్రాం ఉంది" అని తరిమాడు. కాలడి అంటే ఆది శంకరాచార్యులు పుట్టిన ఊరు, దగ్గరే, చూడాల్సిన చోటే, కానీ దానికోసం మోకాళ్ళ నెప్పులున్న వాళ్ళని కొండ మీద పరిగెత్తిస్తారా? నాలుగో స్థలం దగ్గర మేం ముగ్గురం గ్రూపుని వదిలేశాం. స్పీకర్ మోత దూరమైపోయాక అప్పుడు వినపడ్డాయి పిట్టలు.

వెనక నుంచి మలయాళీ కుర్రాళ్ళు ఓ ఎనిమిది మంది పెద్ద సిలువ ఒకటి భుజాల మీద మోసుకుంటూ వచ్చారు, "పొన్నుం కురిశు ముత్తప్పో" అని ఒకడంటే మిగతావాళ్ళు "పొన్మల కయట్టం" అని అందుకుంటున్నారు. బంగారు సిలువ తాతయ్యా, బంగారు కొండ ఎక్కుడు, అని దాదాపుగా అర్థం. అపొస్తలుణ్ణి పట్టుకుని తాతయ్యా అని పిలవడం నాకు భలే నచ్చింది. వాళ్ళలో ఒకబ్బాయి అమ్మ సిలువ తాను పట్టుకుంటానని సైగ చేశాడు. అమ్మ ఇవ్వలేదు. నేను కోప్పడితే "యేసు సిలువని సిరెనె సీమోనుతోనైనా బలవంతంగానే మోయించారే, పాపం ఈ పిల్లాడెందుకు" అంది. ఇంకో పది అడుగులకి జారి కూర్చుంది, మోచెయ్యి గీసుకుంది, అప్పుడు మాత్రం ఆ అబ్బాయి అడక్కుండానే ఒక చివర పట్టుకున్నాడు, అమ్మా ఏం అనలేదు.

పైకి చేరేసరికి రెండున్నర గంటలు పట్టింది మాకు, కుర్రాళ్ళయితే గంట, గంటంపావులో ఎక్కేస్తారు. పైన చిన్న గుడి, రాతి మీద తోమా గారిదని చెప్పే పాదం గుర్తు, జనం వదిలిపెట్టిన సిలువల గుట్ట. ఆనకుత్తియ పళ్ళి అని ఒక పాత గుడి ఉంది, అంటే ఏనుగు కుమ్మిన గుడి, గోడ మీద దంతాల గుర్తులని చూపిస్తారు. చుట్టూ ఉన్న ఆ అడవి చూశాక నమ్మబుద్ధేసింది. పూజ మలయాళంలో, అదీ కేరళ క్యాథలిక్కుల సిరో మలబార్ పద్ధతి, మనది లాటిన్ పద్ధతి కాబట్టి ఎక్కడ లేవాలో ఎక్కడ కూర్చోవాలో పక్కవాళ్ళని చూసి చెయ్యాల్సొచ్చింది. ఆదిలాబాద్ మేత్రాసనం (బిషప్ గారి పరిధి) వాళ్ళది కూడా సిరో మలబారే, వాళ్ళకైతే అలవాటే.

భోజనం కింద హోటల్లో, ప్యాకేజీలోదే. ఎర్ర దొడ్డన్నం, చేపల పులుసు, కర్రపెండలం ఉడకబెట్టింది. రుచికి నేను వంక పెట్టను. గులాబీ రంగు వేడినీళ్ళు గ్లాసుల్లో పోస్తే మావారు రంగు కలిపారేమో అని తాగలేదు, అదేదో చెక్క వేసి కాచిన నీళ్ళు, కేరళలో చాలాచోట్ల అవే ఇస్తారు, తాగండి.

వెళ్ళేవాళ్ళకి చెప్పేది ఒక్కటే, సొంతంగా వెళ్ళండి. ఆలువా నుంచైనా అంగమాలి నుంచైనా బస్సులున్నాయి, విమానంలో వచ్చేవాళ్ళకి నెడుంబాశ్శేరి ఎయిర్‌పోర్ట్ దగ్గరే. తెల్లారకముందే మొదలుపెట్టండి, వానాకాలంలో పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి, చేతులు ఖాళీగా ఉంచుకోండి. నాలుగు చోట్ల కూర్చుంటే తప్పేం లేదు, అక్కడ అందరూ కూర్చుంటారు.

అమ్మ సిలువని ఆ గుట్టలో పెట్టేముందు మధ్యలో నవారు విప్పేసుకుంది. అదెందుకే అంటే, మొక్కింది కర్రలే, నవారు మంచిది, మంచానికి పనికొస్తుంది అంది. సిలువ విడిపోకుండా మావారి చెప్పుల కవర్ తాడు పీకి కట్టాం. కాలడి ప్రోగ్రాం మాకు తప్పిపోయింది కాబట్టి మనిషికి రెండొందలు తిరిగిస్తామన్నారు ట్రావెల్స్ వాళ్ళు, ఇవాళ్టికి మూడు వారాలు, అడిగినప్పుడల్లా దణ్ణం బొమ్మ పెడుతున్నారు.