ఇటలీ: రోమ్‌లో బస, నేపుల్స్‌లో భోజనం

ఇటలీ వెళ్ళాలనుకునేవాళ్ళకి కొలోసియం కంటే ముందు చెప్పాల్సింది రోమ్‌లో మేం దిగిన గది గురించి. 2024 అక్టోబర్‌లో నేను, మావారు, అత్తయ్యగారు వెళ్ళాం. ముగ్గురికీ దేశం దాటడం అదే మొదలు. జేబుదొంగలున్నారు జాగ్రత్త అని చెప్పనివాళ్ళు లేరు. డబ్బు నడుముకి కట్టుకుని తిరిగాం, ఎక్కడా ఏమీ పోలేదు. పోయిందంతా ఆ గదిలోనే.

విమానాశ్రయం నుంచి టెర్మిని స్టేషన్‌కి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ మనిషికి 14 యూరోలు, 32 నిమిషాలు. గది స్టేషన్‌కి దగ్గరే. మేం చేరేసరికి రాత్రి తొమ్మిది. తాళాలు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు అవి ఇవ్వకుండానే లెక్క మొదలుపెట్టాడు. ఎనిమిది దాటి వచ్చినందుకు 30 యూరోలు. గది శుభ్రం చేసినందుకు 40. సిటీ టాక్స్ (బస చేసే యాత్రికుల మీద నగరం వేసే పన్ను) మనిషికి రాత్రికి 10 చొప్పున, మూడు రాత్రులకి 90. మొత్తం 160 యూరోలు. అప్పుడు యూరో 92 రూపాయలుండేది, అంటే 14,720 రూపాయలు. కార్డు పనికిరాదు, నగదే ఇవ్వాలన్నాడు. రసీదు అడిగితే రేపు ఇస్తానన్నాడు. గది ఖాళీ చేసేదాకా మళ్ళీ మా కంటబడలేదు.

ఇక లిఫ్ట్. అత్తయ్యగారి మోకాళ్ళ కోసం లిఫ్ట్ ఉందన్న మాట చూసే ఆ గది తీసుకున్నాం. లిఫ్ట్ తలుపుకి పని చేయదని కాగితం అంటించి ఉంది. ఆ కాగితం మూలలు చుట్టుకుపోయాయి, టేపు పసుపురంగుకి తిరిగింది. నిన్నో మొన్నో పాడైన లిఫ్ట్ కాదది. గది నాలుగో అంతస్తు. ఆవిడ ప్రతి మలుపులోనూ మెట్టు మీద కూర్చుంటూ, "అన్నవరం కొండెక్కినదాన్ని, ఇదెంతలే అమ్మాయీ" అని నాకే ధైర్యం చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. మావారేమో "కొత్త ఊళ్ళో రాత్రిపూట గొడవెందుకు, పోనిద్దూ" అన్నారు. మర్నాడు కొలోసియం దగ్గర (టిక్కెట్టు 18 యూరోలు) మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

తర్వాత తెలిసింది, రోమ్‌లో ఆ పన్ను ఉన్నమాట నిజమే, కానీ 10 యూరోలనేది అయిదు నక్షత్రాల హోటల్ రేటు. మూడు నక్షత్రాల హోటల్‌కే 6. పదేళ్ళలోపు పిల్లలకి అసలు లేదు. గది బుక్ చేసిన సైటుకి ఫిర్యాదు పెడితే, శుభ్రం చేసే ఖర్చు అద్దెలోనే కలిసి ఉందని వాళ్ళ పేజీలోనే రాసి ఉండటంతో ఆ 40 వెనక్కొచ్చాయి. మిగతావాటికి రుజువు చూపించమన్నారు. కాబట్టి బుక్ చేసేటప్పుడే పన్ను ఎంత, ఆలస్యంగా వస్తే ఎంత, లిఫ్ట్ ఇవాళ పనిచేస్తోందా అని సైటు ద్వారానే మెసేజ్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నగదు ఇవ్వాల్సొస్తే రసీదు చేతికొచ్చాకే ఇవ్వండి.

రోమ్ నగరం మీద మాత్రం నాకు కోపం లేదు. వీధి వీధికీ ఇనప కొళాయి, రాత్రీపగలూ చల్లటి మంచినీళ్ళు. 1874 నుంచి పెడుతూ వచ్చారట. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిల్లులోంచి నీళ్ళు చిమ్ముతాయి, వంగక్కర్లేకుండా తాగొచ్చు. అత్తయ్యగారికి రోమ్‌లో అన్నిటికంటే నచ్చింది అదే. నీళ్ళ సీసాలు కొనకండి.

ఫ్లోరెన్స్ హాయిగా గడిచింది. వెనిస్‌లో గొండోలా పగటిపూట అరగంటకి 90 యూరోలు, రేటు ఖరారే, అయిదుగురు ఎక్కొచ్చు. ముగ్గురికి దండగ. పెద్ద కాలువని అడ్డంగా దాటించే ట్రాగెట్టో పడవ మనిషికి 2 యూరోలు, అదీ గొండోలా లాంటిదే. వాటర్ బస్సు 75 నిమిషాలకి 9.50.

అక్కడినుంచి ఉత్తరాన బొల్జానో వెళితే దేశం మారిందేమో అనిపించింది. బోర్డులు జర్మన్‌లోనూ ఉన్నాయి, చుట్టూ ఆపిల్ తోటలు, వెనక డోలమైట్ కొండలు. బసలో ఇంటావిడ పన్ను తీసుకుని అప్పటికప్పుడు రసీదు చించి ఇచ్చింది, దానితోపాటు గెస్ట్ పాస్ కూడా. ఆ ప్రాంతంలో బస్సులు, లోకల్ రైళ్ళు, రేనోన్ కొండ మీదకి కేబుల్ కార్ అన్నీ దానితోనే ఉచితం. అదే దేశం, అదే పన్ను! 1991లో మంచులో దొరికిన అయిదువేల ఏళ్ళ నాటి మనిషిని మ్యూజియంలో ఉంచారు. శవాన్ని చూడ్డానికి టిక్కెట్టేమిటని అత్తయ్యగారు బయట బల్ల మీద కూర్చుండిపోయారు.

అప్పటికే ఆవిడకి తిండి సరిపడక నీరసం. పాల పదార్థాలు యూరప్‌లోకి తేకూడదని నెయ్యి ఇంట్లోనే వదిలేశాం. పార్మిజానో చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వేస్తారని తెలిశాక ఆవిడ చీజ్ కూడా మానేశారు. రొట్టె, పళ్ళు, మా కందిపొడి, అంతే.

అలా చేరాం నేపుల్స్. అందరూ వద్దన్న ఊరు. చెత్త ఉంది, స్కూటర్లు ఒంటి మీదకే వస్తాయి, నిజం. పాతబస్తీలో ఆరు బల్లలున్న చిన్న హోటల్లో కూర్చుని, మాంసం, చేప, చీజ్ వద్దని ఫోన్‌లో ఇటాలియన్‌లోకి మార్చి చూపించాం. వంట చేసే పెద్దావిడ బయటికొచ్చి అది చదివి, అత్తయ్యగారి భుజం తట్టి లోపలికెళ్ళింది. ముందు సెనగలతో ఉడికించిన పాస్తా వచ్చింది. వెనకే ఫ్రియారియెల్లి అనే కాస్త చేదు ఆకుకూర, వెల్లుల్లి, ఎండుమిరపకాయ వేసి ఆలివ్ నూనెలో వేయించినది, అచ్చం మన తోటకూర వేపుడులా. అత్తయ్యగారు రెండోసారి పెట్టించుకున్నారు. మేమిద్దరం చీజ్ లేని మరినారా పిజ్జా తిన్నాం, ఒక్కోటి 5 యూరోలు. రెండోసారి వడ్డించిన కూరకి డబ్బు వేయలేదని మావారు బిల్లు చూపిస్తే, పెద్దావిడ చెయ్యి ఊపి పొమ్మంది. ఉన్నన్నాళ్ళూ అక్కడే తిన్నాం. అత్తయ్యగారి ముఖంలో కళ వచ్చింది, మావారికీ నాకూ మధ్య మాటలూ మామూలయ్యాయి.

పాంపేకి నేపుల్స్ నుంచి లోకల్ రైల్లో ముప్పావుగంట లోపే. మేం వెళ్ళినప్పుడు టిక్కెట్టు 18 యూరోలు. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన ఊళ్ళో రాళ్ళ మీద బండి చక్రాల గాడులు ఇంకా ఉన్నాయి. నీడ తక్కువ, టోపీ ఉండాలి.

కానీ నేపుల్స్ పురావస్తు మ్యూజియం చూడకుండా మాత్రం రాకండి. పాంపే శిథిలాల్లో 1938లో దొరికిన దంతపు స్త్రీమూర్తి అక్కడుంది. జానెడు పైచిలుకు బొమ్మ, కాళ్ళనిండా కడియాలు, పక్కన ఇద్దరు చెలికత్తెలు. మన దేశం నుంచి వెళ్ళిందది. శాతవాహనుల ఏలుబడిలోని భోకర్దన్ (ఇప్పటి మహారాష్ట్ర) ప్రాంతంలో చెక్కి ఉంటారని పండితుల అంచనా. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ వెండి నాణేలు దొరికాయని చదివినప్పుడు అదో పాఠంలా ఉండేది. ఆ బొమ్మ ముందు నిలబడ్డాక, మన సరుకెళ్ళింది, వాళ్ళ డబ్బొచ్చింది అని కళ్ళారా చూసినట్టయింది. మంగళవారం మ్యూజియానికి సెలవు. బొమ్మ ఉన్నది సీక్రెట్ క్యాబినెట్ అనే విడి గదిలో. ఆ గది తెరిచి ఉందో లేదో టిక్కెట్టు కొనేముందే కౌంటర్లో అడగండి.