సీఎన్‌జీ కారుతో నాలుగేండ్లు, లక్ష కిలోమీటర్లు

నేను హన్మకొండల ఉంట, కొలువు ములుగుల, సర్కారు బడిల. పోను యాభై, రాను యాభై. 2021 దసరాకు కంపెనీ బిగించిన సీఎన్‌జీ కిట్టుతోనే చిన్న కారు తీసుకున్న. అదే కారు ఉత్త పెట్రోలుదైతే 95 వేలు తక్కువకు వచ్చేది. మొన్న మీటరు లక్ష దాటింది. తీసుకోవాల్నా వద్దా అని స్టాఫ్ రూముల రోజుకొకరు అడుగుతున్నరు కాబట్టి ఒక్కసారే రాసి పెడ్తున్న.

ముందు పైసల ముచ్చట. గ్యాసు మీద కిలోకు 26 కిలోమీటర్లు వస్తున్నయి. ఇదే బండి పెట్రోలు మీద లీటరుకు 18. పెట్రోలు 107, గ్యాసు కిలో 95 వేసుకున్నా కిలోమీటరుకు రెండు రూపాయల పావలా మిగుల్తది. బడి నడిచే నెలల 2,200 కిలోమీటర్లు తిరుగుత, అంటే నెలకు ఐదు వేలు. కాగితం మీద 19 నెలలల్ల కిట్టు పైసలు ఎల్లాలె. నాకు రెండేండ్ల మీద పట్టింది. ఎండకాలం సెలవులు కొంత, గ్యాసు దొరకక పెట్రోలు మీద నడిపిన రోజులు కొంత.

ఈ దొరకకపోవుడే అసలు కథ. సీఎన్‌జీ బంకులు రెండు తీర్లు. పైపులైను వచ్చి, కంప్రెసర్ అక్కడనే ఉన్నది ఒకటి. లారీల సిలిండర్ల కట్ట తెచ్చి దాంట్లకెళ్లి మన బండికి ఎక్కించేది ఇంకోటి. ఈ రెండో దాంట్ల కట్ట నిండుగున్నప్పుడు పోయినోనిదే అదృష్టం. ఒక్కొక్క ఆటో నింపుకొని పోయినకొద్ది ప్రెషర్ పడిపోతది. మన సిలిండర్ల 200 బార్ దాకా నిండాలె. 140 కాడ ఆగిపోతే ఎనిమిది కిలోలు పట్టేదాంట్ల ఐదున్నరే పడ్తది. పైసలు కూడా ఐదున్నరకే తీసుకుంటరు, మోసమేం లేదు. కాకపోతే ఎల్లుండి నిలబడాల్సిన లైన్ల రేపే నిలబడాలె.

"ప్రెషర్ లేదు సార్, బండి బయల్దేరిందట. పావుగంటల వస్తది, ఆగుండ్రి" అన్నడు ఓసారి బంకు పిలగాడు. ఆ పావుగంటల నేను పదో తరగతి ఎస్ఏ-1 పరీక్ష పేపర్లు రెండు కట్టలు దిద్దిన.

తర్వాత ఉపాయం దొరికింది. పొద్దుగాల ఐదింటికి పోవుడు. లైను ఉండదు, పైగా చల్లటి పూట గ్యాసు ఎక్కువ పడ్తది. నింపేటప్పుడు సిలిండరు ఎట్లాగూ వేడెక్కుతది. మే నెల మిట్టమధ్యాహ్నమైతే గ్యాసు వేడికి ఉబ్బి, కిలోలు తక్కువ పడ్డా ప్రెషర్ నిండినట్టే చూపిస్తది. ఇదే సిలిండర్ల నాకు పొద్దున, పగటీలికి ముప్పావు కిలో తేడా వచ్చింది. మేడారం జాతర దినాలల్ల మాత్రం ఏ ఉపాయం పారదు. 2024ల ములుగు ముందటి గట్టమ్మ గుడి కాడికెళ్లి వరుసగ బండ్లే, ఆ వారమంత పెట్రోలే పోయించిన.

నడుపుడు సంగతి. గూడెప్పాడు దాటినంక ఇసుక లారీలు. గ్యాసు మీద ఇంజిన్ బలం పదో వంతుకు పైనే తగ్గుతది, ఏసీ వేసి నలుగురు కూసుంటే లారీని దాటుడు గుండెదడే. దాటే ముందుగాల మీట నొక్కి పెట్రోలుకు మార్చుకుంట. డిక్కీల సిలిండరే ఉంటది, డిక్కీ ఉన్నదని మరిచిపోండ్రి. ఊరికెళ్లి బాపు బియ్యం బస్తా పంపితే వెనుక సీట్ల కూసోబెట్టి తెచ్చుకుంటున్నం.

గ్యాసు బండే కదా అని పెట్రోలు ట్యాంకును పట్టించుకోకపోతే నాలెక్కనే అవుతది. బండి స్టార్టయ్యేది పెట్రోలు మీదనే, వేడెక్కినంకనే గ్యాసుకు మార్తది. నేను రెండు లీటర్లు పోయించి నెలలకు నెలలు వదిలేసిన. ఇప్పటి పెట్రోల్ల ఇథనాల్ ఇరవై శాతం, అది తేమను గుంజుకుంటది. వానకాలం ఒకనాడు పొద్దున ఎంత తిప్పినా లేవలే. మెకానిక్ ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చి, క్లాసు పీకిండు. అప్పటిసంది పదిహేను రోజులకోసారి ములుగు దాకా పెట్రోలు మీదనే పోత. స్పార్క్ ప్లగ్గులు కూడా పెట్రోలు బండి కన్నా తొందరగ మార్చాల్సొస్తున్నది.

మూడేండ్లకోసారి సిలిండరుకు హైడ్రో టెస్టు చేయించాలె. అమ్మేటప్పుడు షోరూమోళ్లు ఈ మాటే ఎత్తలే. 2024ల తారీఖు దాటిందని బంకుల నాజిల్ పెట్టనియ్యకపోతే తెలిసింది. సిలిండరు ఊడదీసి, నీళ్లతోని ప్రెషర్ పెట్టి, మళ్లా బిగించేసరికి రెండు రోజులు పోయినయి. నియమం మంచిదే, అంత ప్రెషర్ వీపు వెనుకనే ఉంటది కదా.

మా ఇంటామెకు కరెంటు స్కూటీ ఉన్నది. నయీంనగర్, సుబేదారి, భద్రకాళి గుడి, ఆమె తిరుగుడంత ఇంతే. మూడు యూనిట్లతోని మూడు రోజులు నడుస్తది. బంకు మొఖం చూడలే. ఊళ్లె తిరిగేటోళ్లకు దాని ముందు నా కారు కూడా దండుగే. మా పైన కిరాయికి ఉండేటోళ్లు కూడా అట్లాంటిదే కొన్నరు గానీ, వాళ్లది గృహజ్యోతి ఇల్లు. చార్జింగు తోని ఏప్రిల్‌ల కూలరు కూడ కలిసి 200 యూనిట్లు దాటింది, సున్నా బిల్లు రావాల్సిన కాడ మొత్తం కట్టాల్సొచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్ల మీటరు రోజూ చూస్తున్నరు.

మొన్న ములుగు అవతలి గోవిందరావుపేటకెళ్లి బడికి వచ్చే మా లెక్కల సారు అడిగిండు, నేను కూడా సీఎన్‌జీయే తీసుకోవాల్నా అని. మీరు వచ్చే తొవ్వల బంకు ఉన్నదా సారూ అన్న. లేదన్నడు. మరి ములుగు దాటి యాభై కిలోమీటర్లు ఇటు హన్మకొండ దాకా వచ్చి నింపుకొని పోతరా అంటే నవ్విండు. పెట్రోలుదే బుక్ చేసిండట.