"గీత పడదు" అని రాసున్న వాటర్ బ్లేడ్ కొంటున్నారా? ఆగండి

ముదురు రంగు కారున్నవాళ్లు ముఖ్యంగా చదవండి. నాది నల్లది.

కారు కడిగాక నీళ్లను ఒక్క ఊపులో లాగేస్తుందని అమ్మే సిలికాన్ వాటర్ బ్లేడ్, దాంతోపాటు నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు ఉన్న కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. పెట్టె మీద "పెయింట్‌కు గీత పడదు" అని పెద్ద అక్షరాలు. నెల తిరగకముందే ఒక సాయంత్రం ఎండ ఏటవాలుగా బానెట్ మీద పడితే చూశాను: వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. నీడలో చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది, అదే మోసం.

మొదట నేనే గట్టిగా రుద్దానేమో అనుకున్నాను. కానీ డోర్ల మీద గీతలు బ్లేడ్ లాగిన దిశలోనే బారుగా ఉన్నాయి. బ్లేడ్ మెత్తనిదే, కాదనను. ఎంత కడిగినా అద్దాల సందుల్లోంచో, రబ్బరు బీడింగ్ కిందనుంచో ఒక ఇసుక రేణువు నీళ్లతో జారి వస్తుంది. మంచి గుడ్డకు పోగులుంటాయి కాబట్టి ఆ రేణువు చాలావరకు వాటిలోకి దిగిపోతుంది. బ్లేడ్‌కు ఆ చోటే లేదు. అంచు కింద ఇరుక్కున్నదాన్ని ఈ చివరనుంచి ఆ చివరదాకా ఈడ్చుకుపోతుంది, ఇసుక పడ్డ గచ్చు మీద బీరువా జరిపినట్టు. పెయింట్ పైనుండే పారదర్శకమైన పూత, అంటే క్లియర్ కోట్, మందం మామూలుగా 40-50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల వెంట్రుక అంత కూడా ఉండదు.

గుడ్డల సంగతి ఇంకా ఘోరం. అంచుల కుట్టు బిరుసుగా ఉంది, మూలన ప్లాస్టిక్ ట్యాగ్ ఒకటి. నీళ్లు పీల్చవు, పక్కకు నెడతాయి. మంచి మైక్రోఫైబర్‌లో పాలియెస్టర్‌తో పాటు పాలియమైడ్ ఉంటుంది (80:20 లేదా 70:30). వీటి మీద ఆ వివరమే లేదు, నేనూ చూసుకోలేదు.

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే "మీరు సరిగా కడగలేదు" అన్నారు. పెట్టె వెనక చీమ తలకాయంత అక్షరాల్లో "దుమ్ము పూర్తిగా పోయిన ఉపరితలం మీద మాత్రమే" అని ఉందట! వాపసు గడువు ఎలాగూ దాటిపోయింది.

రెండో దెబ్బ పాలిష్ షాపులో తగిలింది. అరగంటలో అద్దంలా చేసిచ్చారు, మురిసిపోయాను. మూడుసార్లు కడిగేసరికి గీతలన్నీ మళ్లీ హాజరు. వాళ్లు పూసింది గీతలను నింపి దాచే గ్లేజ్. నిజంగా పోగొట్టాలంటే చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను కొన్ని మైక్రాన్లు అరగదీయాలి, అందుకే అది మాటిమాటికీ చేయించుకునే పని కాదు. డబ్బు ఇచ్చేముందు ఒకచోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు కలిపి తుడిపించి, టార్చి వేసి చూడండి, దాచిన గీతలుంటే బయటపడతాయి. అలా తుడవడానికి షాపువాళ్లు తడబడితే వచ్చేయండి.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. నీడలో, ఇంజను చల్లారాక, చెయ్యి వేయకుండా ఉత్త నీళ్లతోనే చాలాసేపు కొడతాను, సగం దుమ్ము అక్కడే పోవాలి. కార్ షాంపూ నురగ కొన్ని నిమిషాలు నాననిస్తాను, ఎండిపోనివ్వను. బకెట్లు రెండు: ఒకటి షాంపూకి, ఒకటి మిట్ (కారు రుద్దే మెత్తటి చేతితొడుగు) జాడించడానికి. జాడించే బకెట్ అడుగున చేరే మట్టి చూస్తే, ఒకే బకెట్‌తో ఇన్నాళ్లూ ఏం రుద్దానో తెలిసి గుండె ఆగింది. రూఫ్ మీద మొదలుపెట్టి కిందికి రావాలి, డోర్ల అడుగుభాగం చివర్న. చక్రాలకు గుడ్డ, బకెట్ వేరే. గిన్నెలు తోమే సబ్బు వాడకండి, వాక్స్ పోతుంది.

ఆరబెట్టడానికి ఒత్తైన పెద్ద టవల్‌ను పరిచి, నెమ్మదిగా మన వైపు లాగడమే, నొక్కడం లేదు. నేల మీద పడిందా, ఉతికేదాకా కారు దగ్గరికి రానివ్వను. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, పీల్చే గుణం తగ్గిపోతుంది.

ఆ బ్లేడ్ ఇప్పుడు బాత్‌రూమ్ అద్దం మీది నీళ్లు లాగుతోంది. ఆ పనికి బాగానే ఉంది.