పాత మారుతి 800కు ఒకే తాళంచెవి: కొన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం

మా 1998 మోడల్ మారుతి 800 మా చేతికి వచ్చేనాటికి దాని గుత్తిలో నాలుగు తాళంచెవులు ఉండేవి. ఇగ్నిషన్‌కు ఒకటి, డ్రైవరు తలుపుకూ డిక్కీకీ కలిపి ఒకటి, ఎడమ తలుపుకు మరొకటి, పెట్రోలు మూతకు ఇంకొకటి. ఇగ్నిషన్ లాక్ ఎప్పుడో ఒకసారి మారింది; ఎడమ తలుపు వేరే కారు నుంచి తాళంతో సహా వచ్చింది. తిరుపతిలో 2020 ప్రాంతంలో, పెట్రోలు మూత తప్ప మిగతా తాళాలన్నిటినీ ఒకే తాళంచెవికి సరిచేయించాను. అప్పటి నుంచి రోజూ ఇదే కారు నడుపుతున్నాను కనుక, ఆ పనిలో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అన్నది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

నాలుగు తాళంచెవులుంటే ఏమిటి నష్టమని అడిగేవారు ఒక్కసారి అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర వరుసలో నిలబడి చూడాలి. కొండకు వెళ్లే ప్రతి బండినీ అక్కడ ఆపుతారు, మనుషులు దిగాలి, సామాను దించాలి, డిక్కీ తెరిచి చూపాలి. వెనక బండ్లు ఆగి ఉండగా డిక్కీ తాళంచెవి కోసం గుత్తి వెతుక్కోవడం, తప్పు తాళంచెవిని బలవంతంగా తిప్పడం పాత తాళాలను ఇంకా త్వరగా పాడుచేస్తాయి. నా దృష్టిలో సౌకర్యం కన్నా ఇదే పెద్ద కారణం.

ముందు అందరూ చెప్పేది కొత్త లాక్‌సెట్, అంటే ఒకే తాళంచెవితో వచ్చే తాళాల సెట్టు, వేయించమని. నేను దానికి ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఇగ్నిషన్ లాక్‌ను స్టీరింగ్ స్తంభానికి బిగించే బోల్టుల తలలు బిగించేటప్పుడే విరిగిపోయేలా చేసి ఉంటాయి. దొంగలు స్పానరుతో విప్పకూడదని ఆ ఏర్పాటు. అందువల్ల దాన్ని తీయాలంటే డ్రిల్లు వేయడమో ఉలితో కొట్టి తిప్పడమో తప్పదు. బాగా పనిచేస్తున్న ఇగ్నిషన్ లాక్‌ను అలా పీకి, నాణ్యత తెలియని సెట్టును దాని స్థానంలో పెట్టడం నాకు న్యాయంగా తోచలేదు. గాంధీ రోడ్డు వైపు తాళాలు బాగుచేసే పెద్దాయన ఒకరు కారును చూడగానే, "ఇగ్నిషన్ బీగాన్ని కదిలించొద్దు సార్, మిగతావన్నీ దానికే సరిపెడదాం" అన్నారు. పని మొదలుపెట్టే ముందు ఆర్‌సీ చూపమని అడిగిందీ ఆయనే. ఆర్‌సీ అడగకుండా కారు తాళాల మీద చెయ్యి వేసేవారి దగ్గరికి వెళ్లకపోవడమే మంచిది.

అయితే ఇగ్నిషన్‌ను ఆధారం చేసుకోవాలంటే ముందు అది ఆరోగ్యంగా ఉండాలి. ఇంజను నడుస్తుండగా తాళంచెవి ఊడి చేతికి వస్తే తాళం లోపల తాళంచెవి గాట్లకు తగ్గట్టు కూర్చునే సన్నని ఇత్తడి పలకలో, తాళంచెవో అరిగిపోయినట్టే. మన ఘాట్ రోడ్డు మీద దిగేవారికి ఇది చిన్న విషయం కాదు. తాళంచెవి లాక్ స్థానానికి తిరిగి బయటికి వస్తే మలుపు మధ్యలో స్టీరింగ్ బిగుసుకుంటుంది. పెట్రోలు మిగులుతుందని దిగుడులో ఇంజను ఆపేవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి. మా ఇగ్నిషన్ లాక్ బాగానే ఉంది, తాళంచెవి మాత్రం అరిగింది. అరిగిన దాన్ని యంత్రంలో పెట్టి నకలు తీస్తే ఆ అరుగుదల కూడా నకలులోకి వస్తుంది. పెద్దాయన ఆ పని చేయలేదు. గాట్ల లోతులకు కొన్ని నిర్ణీత మెట్లే ఉంటాయి కాబట్టి, ప్రతి గాటునూ కొలిచి, దానికి దగ్గరి మెట్టు ఏదో చూసుకుని, ఆ లెక్కన కొత్త తాళంచెవి కోశారు. అది ఇగ్నిషన్‌లో మెత్తగా తిరిగిన తర్వాతే తలుపుల జోలికి వెళ్లారు.

తలుపు పని ఓపిక పని. అద్దం తిప్పే హ్యాండిల్ వెనక ఒక గుడ్డపీలిక దూర్చి అటూ ఇటూ లాగితే దాని క్లిప్పు ఊడి వస్తుంది. తర్వాత తలుపు లోపలివైపు ఉండే డోర్ ప్యాడ్, దాని వెనక అతికించిన పాలిథీన్ కాగితం, ఆ లోపల తాళాన్ని తలుపు రేకుకు పట్టి ఉంచే గుర్రపునాడా ఆకారపు క్లిప్పు. తాళంచెవి దూరే సిలిండర్ బయటికి వచ్చాక అందులో కొత్త తాళంచెవి పెట్టి ఆయన వేలికొనతో పైన నిమిరి చూశారు. తాళంచెవికి సరిపడిన ఇత్తడి పలకలు సిలిండర్ ఒంటితో సమంగా కూర్చుంటాయి. సరిపడనివి వేలికి గరుకుగా తగులుతాయి. ఆ తగిలిన వాటిని మాత్రమే పట్టకారుతో తీసి, వాటి అడుగున ఉండే వెంట్రుకంత సన్నని స్ప్రింగులు ఎగిరిపోకుండా బొటనవేలు అడ్డం పెట్టి, పాత సిలిండర్లు విప్పి దాచుకున్న పలకల్లోంచి తగిన ఎత్తువి ఏరి వేశారు. రెండు తలుపులూ ఇలాగే జరిగాయి. కారులో చేసిన పనులన్నిటిలోనూ నేను కళ్లప్పగించి చూసిన పని ఇదే.

డిక్కీ దగ్గర మాత్రం ఒక పలకకు సరైన జోడీ దొరకలేదు. ఆయన ముందే చెప్పి, నా అనుమతితో దాన్ని ఆకురాయితో కొద్దిగా రాశారు. రాచిన పలకతో తాళం తెరుచుకుంటుంది కానీ పట్టు తగ్గుతుందని కూడా ఆయనే అన్నారు. ఆ మాట అక్షరాలా నిజమైంది. తలుపుల తాళాలు ఈనాటికీ వదులు కాలేదు, వేరే తాళంచెవి పెడితే కదలవు. డిక్కీ తాళం రెండో ఏడాది నుంచే తాళంచెవిని కాస్త వెనక్కి లాగి తిప్పితే గానీ మాట వినడం లేదు. కాబట్టి పలకలు మార్చే వారికి, పలకలన్నిటినీ రాచి పంపేసే వారికి కూలి తేడా ఉన్నా మొదటి వారి దగ్గరికే వెళ్లండి. నాకైన ఖర్చు మొత్తం కొత్త సెట్టు ధరలో సగానికి లోపే ఉంది.

పెట్రోలు మూత తాళంచెవి అలాగే మిగిలింది. అది బయట అంగట్లో కొన్న మూత, దాని కన్నం తీరే వేరు, పలకలు మార్చినా మన తాళంచెవి అందులో దూరదు.

సంరక్షణ గురించి ఒక్క విషయం నొక్కి చెప్పాలి. తాళాల్లో నూనె పోయకండి. వేసవిలో రేణిగుంట రోడ్డు దుమ్ము ఆ నూనెకు పట్టి లోపల ముద్దవుతుంది, స్ప్రింగులు లేవవు. 2021 నవంబరు వరదల వానల్లో కారు బయటే ఉండి ఎడమ తలుపు తాళం బిగుసుకుంటే, క్లీనర్ స్ప్రే కొట్టి, ఆరనిచ్చి, గ్రాఫైట్ పొడి ఊదించాను; మళ్లీ ఇబ్బంది రాలేదు. డోర్ ప్యాడ్ తిరిగి బిగించేటప్పుడు ఆ పాలిథీన్ కాగితాన్ని సరిగ్గా అతికించారో లేదో మీరే దగ్గరుండి చూసుకోండి, లేకపోతే వానాకాలంలో నీళ్లు కాళ్ల కిందికి వస్తాయి.

చిప్ ఉన్న తాళంచెవుల కార్లకు ఈ పద్ధతి ఒక్కటే చాలదు. తాళం తిరిగినా, చిప్‌ను గుర్తించకపోతే ఇంజను పట్టుకోదు. మా కారు లాంటి పాతవాటికి ఆ బెడద లేదు. ఇక బీమా సంగతి. కారు పోయిందని క్లెయిము పెడితే కంపెనీవారు తాళంచెవులన్నీ అప్పగించమని అడుగుతారు. అందుకే తాళాలు మార్చిన రోజు రాయించుకున్న బిల్లును, పనికిరాకుండా పోయిన ఆ పాత తాళంచెవులను కూడా పారేయకుండా ఒకే కవరులో ఆర్‌సీ నకలుతో కలిపి ఇంట్లో ఉంచాను.